చెవికి స్పేర్ పార్టు లేదు



తెనాలి జంక్షన్ నుంచి దక్షిణానికి రెండు దారులు. ఒకటి చుండూరు, నిడుబ్రోలు మీదుగా బాపట్ల వైపు పోయే మద్రాసు మెయిన్ లైను. రెండోది వేమూరు, భట్టిప్రోలు మీదుగా 34 కిలోమీటర్లు పోయి, ఇక ముందుకు పట్టాల్లేక రేపల్లెలో ఆగిపోయే బ్రాంచి లైను. నాది తెనాలి. నా పాత స్నేహితులిద్దరిలో ఒకడిది బాపట్ల, ఇంకొకడిది రేపల్లె. మేం ఒకళ్లనొకళ్లం పేర్లతో పిలుచుకోం. "ఏరా బాపట్లా", "ఏం రేపల్లె బావా" అనే వరస మాది. ముగ్గురం కలిస్తే రాజకీయాల జోలికి పోం, స్నేహం చెడుతుందని. పిల్లల సంబంధాల జోలికీ పోం, అదీ అంతే. ఇక మిగిలింది పాటలు. పాటలంటే ఏ పాట గొప్పదని కాదండీ. ఆ పాట దేంట్లో వింటే బాగా పలుకుతుంది అని.

రేపల్లె బావది ప్లేటు పార్టీ. "గ్రామఫోను ప్లేటులో గొంతు నిండుగా ఉంటుందిరా" అంటాడు. "గొంతుతోపాటు చిటపటలు కూడా నిండుగానే ఉంటాయి, పోపు పెట్టినట్టు" అంటాడు బాపట్లవాడు. వాడిది క్యాసెట్టు పార్టీ. సీడీలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి. వీళ్ల తగాదా మాత్రం తెగలేదు.

ఈ తగాదా తీర్చడానికి మా దగ్గర మూడు కొలబద్దలున్నాయి. మూడూ మా ప్రాంతం గొంతులే.

రేపల్లె బావ కొలబద్ద జానకిగారి గొంతు. ఎస్. జానకి 1938లో పుట్టింది రేపల్లె తాలూకా పల్లపట్లలో. 1962 నాటి తమిళ చిత్రం 'కొంజుం సలంగై' తెలుగులో 'మురిపించే మువ్వలు'గా వచ్చింది. అందులో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో ఆమె గొంతు పోటీ పడి నడిచే పాట ఒకటుంది. కొత్త సెట్టు ఎవరింట్లో కనిపించినా మా బావ ఆ పాట పెట్టమంటాడు. "వాద్యం ఎక్కడ ఆగిందో, గొంతు ఎక్కడ అందుకుందో తెలియకూడదు. కానీ రెండూ దేనికది విడిగా వినపడాలి. అలా పలికితేనే సెట్టు" అంటాడు. నాదస్వరం పైస్థాయి స్వరాలు పట్టడం స్పీకరుకి అగ్నిపరీక్షే. నాసిరకం స్పీకరైతే అక్కడికి రాగానే గరగరలాడుతుంది.

బాపట్లవాడి కొలబద్ద మాధవపెద్ది సత్యంగారు. ఆయనది పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు. "మా రైలు లైన్లోదేరా" అని గర్వంగా చెబుతాడు. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు పెళ్లివారి వంటకాల ముందు కూర్చుని పాడే పాట వాడికి ప్రాణం. ఆ పాట మధ్యలో వచ్చే నవ్వు పొట్టలోంచి వచ్చినట్టు వినపడాలి. బేస్ లేని సెట్టులో ఘటోత్కచుడు కాస్తా లక్ష్మణకుమారుడైపోతాడని వాడి ఫిర్యాదు.

నా కొలబద్ద పాట కాదు, మాట. కొంగర జగ్గయ్యగారిది తెనాలి దగ్గర మోరంపూడి. సినిమాల్లో స్థిరపడకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన గొంతు అది. ఆ గొంతులో నాలుగు వాక్యాలు వినిపిస్తే చాలు, సెట్టు జాతకం మొత్తం తేలిపోతుంది. పాటలో ఒక వాద్యం సరిగా పలకకపోతే ఇంకో వాద్యం కప్పిపుచ్చుతుంది. ఒట్టి మాటకు ఆ కాపుదల లేదు. బేస్ ఎక్కువైతే మాటలు ముద్దవుతాయి. ట్రెబుల్ ఎక్కువైతే 'స' అన్నచోటల్లా ఈల మోగుతుంది. మిత్రులిద్దరూ చాలాకాలం దీన్ని కొలబద్దగా ఒప్పుకోలేదు. "వార్తలు వినడానికి సెట్టెందుకురా, పేపరు చాలదూ?" అనేవాళ్లు.

ముందు బావగారి ప్లేటు సంగతి చూద్దాం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేటు లక్కతో చేసింది. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే అది. అందుకే చేయి జారితే పెంకులయ్యేది. పది అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. 1925లో మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చేదాకా గాయకుడు ఒక బాకాలోకి గొంతు చించుకుని పాడాల్సిందే. గొంతులోని శక్తే సూదిని కదిలించి ప్లేటు మీద గాడి గీయాలి మరి.

ఈ మూడు నిమిషాల గొడవ మా ప్రాంతానికి బాగా తెలుసు. స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో పుట్టారు. ఆయన పేరు మోగింది తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాల్లో. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి, ఇలా స్త్రీపాత్రలతోనే ఆంధ్రదేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. స్టేజీ మీద సత్యభామగా ఆయన ఒకే పల్లవిని ఒకసారి గర్వంగా, ఒకసారి గోముగా, ఒకసారి అలకతో, తీరుకొక రకంగా పాడి చూపేవారని పెద్దలు చెప్పుకునేవారు. జనం వన్స్ మోర్ అంటే మళ్లీ మొదలు. అక్కడ కాలం ప్రేక్షకుడి చేతిలో ఉండేది. ప్లేటు మీదికి వచ్చేసరికి అది గ్రామఫోను కంపెనీ చేతిలోకి పోయింది. ఆలాపన కోసెయ్యాలి, అభినయం ఎలాగూ పట్టదు, సూది మధ్యకు చేరేలోగా పాట ముగియాలి. మనకు దక్కింది ఆయన కళలో మూడు నిమిషాల ముక్క. అదైనా దక్కింది, సంతోషం.

మరి గొంతు నిండుగా ఉంటుందన్న బావ మాట అబద్ధమా? సగం నిజం. ఆ ప్లేట్లలో మరీ సన్నని ధ్వనులూ, మరీ మందమైన ధ్వనులూ పట్టవు. పట్టేది మధ్యలో ఉన్న భాగం. మనిషి గొంతు సారమంతా ఆ మధ్యలోనే ఉంది. పాతకాలపు టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోసుకొచ్చేది. అయినా అవతల మాట్లాడేది మేనమామో, పినతండ్రో ఇట్టే పోల్చుకునేవాళ్లం. ప్లేటు కూడా అంతే. చుట్టూ ఉన్న వాద్యాలను సన్నం చేసి గొంతును ముందుకు తోసేది. బావకు నిండుగా తోచింది అందుకే.

ఇక బాపట్లవాడి క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లో బయటపెట్టింది. లోపలి టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులోనే రెండు వైపులు, వైపుకు రెండు చొప్పున నాలుగు దారులు. సెకనుకు 5 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా నడుస్తుంది. స్టూడియోల్లో పెద్ద టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు పరిగెత్తేది. టేపు ఎంత వెడల్పుగా ఉంటే, ఎంత వేగంగా పోతే ధ్వని అంత శుభ్రంగా నిలుస్తుంది. క్యాసెట్టు రెండిట్లోనూ పేదదే. పాట మొదలుకాకముందే వినిపించే ఆ 'సీ' మన్న చప్పుడు ఆ పేదరికం తాలూకుదే. నిజానికి ఫిలిప్స్ వాళ్లు దాన్ని ముందు మాటలు రికార్డు చేసుకోవడానికే తయారు చేశారు. సంగీతం ఆ తర్వాత వచ్చి చేరింది.

కానీ క్యాసెట్టు ఇచ్చింది వేరే ఒకటుంది. అంతవరకు మనం వినేవాళ్లమే. క్యాసెట్టుతో నింపుకునేవాళ్లం కూడా అయ్యాం. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు టూ ఇన్ వన్ తెస్తే వీధంతా చూడటానికి వచ్చేది. ఖాళీ క్యాసెట్టు కొనడం, తెల్లకాగితం మీద పాటల లిస్టు రాయడం, రికార్డింగ్ షాపులో ఇచ్చి పాటలు ఎక్కించమనడం, ఇది 1980ల నాటి కుర్రాళ్ల ఉద్యోగం. ఆ లిస్టు రాయడం అంత తేలిక కాదు. సి-60 అంటే వైపుకు అరగంట. ఏ పాట తర్వాత ఏ పాట రావాలి, 'ఎ' వైపు చివర మిగిలిన రెండు నిమిషాల్లో ఏది పడుతుంది, ఇవన్నీ లెక్కలు. లెక్క తప్పితే చరణం మధ్యలో టేపు టక్కున ఆగేది. ఇవాళ్టికీ ఆ పాట రేడియోలో వస్తే బాపట్లవాడి చెవి అక్కడికి రాగానే ఆ టక్కు కోసం ఎదురుచూస్తుంది.

సి-90లో ఎక్కువ పాటలు పడతాయి కానీ టేపు పలచన. సి-120 ఇంకా పలచన, చిక్కుపడిందంటే రెనాల్డ్స్ పెన్ను పెట్టి తిప్పుకుంటూ కూర్చోవాల్సిందే. చెరగకూడదనుకున్న క్యాసెట్టుకు వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయడం, మళ్లీ అవసరం పడితే ఆ కన్నం మీద సెల్లోటేపు అంటించడం అందరికీ తెలిసిన విద్యే. సెల్స్ నీరసపడితే మోటారు నెమ్మదిస్తుంది. మోటారు నెమ్మదిస్తే శ్రుతి దిగుతుంది. అప్పుడు జానకిగారు మగగొంతుతో పాడేవారు. రేపల్లె బావకు అది భరించలేని అపచారం. సెల్స్ తీసి ఎండలో పెట్టేవాడు. వేడికి లోపలి రసాయన చర్య కాస్త పుంజుకుని ఇంకో నాలుగు పాటలు వచ్చేవి.

సరే, ఇక కుర్రతనపు వీరంగాల దగ్గరికి వద్దాం. వాటిలో మొదటిది కుండ. కుమ్మరి దగ్గర మెడ వెడల్పుగా ఉన్న కుండ ఒకటి కొని, స్పీకరును దాని మూతి మీద బోర్లించి గదిమూలన పెట్టడం. ఉన్నట్టుండి బేస్ వచ్చేది! ఇందులో మాయ లేదు. విడి స్పీకరు ముందుకు ఒక అల, వెనక్కి ఒక అల తోస్తుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు. కలిస్తే మందధ్వనులు ఒకదాన్నొకటి తినేస్తాయి. కుండ వెనకవైపు అలను బంధించి ఆ నష్టం ఆపుతుంది. పైగా లోపలి గాలి ఒక స్వరం దగ్గర తనంతట తాను మోగుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. కుండకు తెలిసింది ఆ ఒక్క స్వరమే. తబలా అయినా మృదంగమైనా డోలైనా దానికి ఒకటే, అన్నిటికీ 'బుంగ్' అనే అంటుంది. ఆ 'బుంగ్' విని వీధిలోవాళ్లు తొంగిచూస్తే అదే మాకు అవార్డు.

రెండోది ఈక్వలైజరు. వరసగా పది మీటలు, వాటిపైన పాటకు తగ్గట్టు ఎగిరే ఎర్ర, పచ్చ లైట్లు. ఏ మీట దేనికో తెలియాల్సిన పనేముంది? పదీ పైకి తోసేయడమే. పది మీటలూ ఒకే ఎత్తుకు తోస్తే జరిగేది వాల్యూమ్ పెంచడమే తప్ప ఇంకేం కాదు. కానీ చెవికి మాత్రం "అబ్బ, ఎంత బాగుంది!" అనిపించేది.

ఆ అనిపించడానికి కారణముంది. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి చెవి తీరును కొలిచారు. చిన్న ధ్వనిలో మన చెవి మందస్వరాలను, మరీ సన్నని స్వరాలను సరిగా పట్టుకోదు. ధ్వని పెంచేకొద్దీ అవి కూడా పైకి తేలతాయి. అంటే అదే సెట్టు, అదే టేపు, వాల్యూమ్ రెండు గీతలు పెంచితే చాలు, నాణ్యత పెరిగినట్టు తోస్తుంది. దుకాణంలో రెండు సెట్లు పోల్చి చూపేటప్పుడు ఖరీదైనదాన్ని ఓ గీత ఎక్కువ పెట్టి వినిపిస్తే బేరం కుదిరినట్టే. టేప్ రికార్డర్ల మీద 'లౌడ్‌నెస్' అనే మీట పెట్టింది ఈ లోపం పూరించడానికే, చిన్న ధ్వనిలోనూ బేస్ తగ్గకుండా. మేం దాన్ని పెద్ద ధ్వనికి వాడేవాళ్లం.

కాబట్టి కుర్రతనం ఒట్టి పిచ్చి కాదు, అందులో చెవి చేసిన మోసం కూడా ఉంది. పెద్దగా ఉంటే బాగున్నట్టు అనిపిస్తుంది. బాగున్నట్టు అనిపిస్తే ఇంకా పెద్దగా పెడతాం.

మూడోది మైకుసెట్టు. శ్రీరామనవమి పందిట్లో తాడిచెట్టుకు కట్టిన బాకా. నాటుకోళ్లు లేవకముందే అది లేచేది. 1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చాక ఆ డైలాగులు బాకాల్లోంచి ఊరూరా మోగాయి. పద్యనాటకం ఉన్న రాత్రి పక్క ఊళ్లో హార్మోనియం మెట్లు కూడా మంచం మీద పడుకుని వినేవాళ్లం. మిట్టమధ్యాహ్నం పక్క వీధి మైకు సరిగా వినపడదు, అర్ధరాత్రి పక్క ఊరి పద్యం స్పష్టంగా వినపడుతుంది. ఎందుకో తెలుసా? రాత్రి నేల చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి కాస్త వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలిలో ధ్వని వేగం ఎక్కువ కాబట్టి పైకి పోయే ధ్వని మళ్లీ కిందికి వంగి నేలకు చేరుతుంది. మాది డెల్టా. అడ్డు రావడానికి గుట్టలూ లేవు, మిట్టలూ లేవు. కొల్లిపర వైపు పాడిన పద్యం కాలవలు దాటి వచ్చేసేది.

బాకా తీరు వేరు. అందులో బేస్ ఉండదు, నాజూకు ఉండదు, దూరం మాత్రం ఉంటుంది. నాటకాలాడే రాత్రి కుర్రాళ్లు స్టేజీ అంచున టేప్ రికార్డర్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు. మైకు దగ్గర చోటు దొరకనివాడు బాకా కిందే పెట్టేవాడు. అలా రికార్డయిన పద్యాల్లో కీచురాళ్లు, సోడాకాయల చప్పుడు, వెనక "కూర్చోవయ్యా" అనే కేకలు, అన్నీ ఉండేవి. బాకా కింద గంటల తరబడి కూర్చున్న మా చెవుల సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు.

తర్వాత సీడీ వచ్చింది. 1982లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన ఆ పన్నెండు సెంటీమీటర్ల బిళ్ల లెక్క తేటగా ఉంటుంది. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. మనిషి చెవి పట్టగలిగే పై హద్దు సుమారు 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే ఏదీ జారిపోదు. చిటపటల్లేవు, 'సీ' లేదు, సెల్స్ నీరసపడితే సెట్టు ఆగిపోతుందే తప్ప శ్రుతి దిగదు. కొలతల్లో ప్లేటూ, క్యాసెట్టూ దీనికి సాటి రావు. ఇది ఒప్పుకోవడానికి మా ఇద్దరు మిత్రులకూ ఇష్టం లేదు. "శుభ్రంగా ఉంది, కానీ..." అంటారు. ఆ 'కానీ' తర్వాత వాక్యం ఇవాళ్టికీ పూర్తి కాలేదు.

ఆ వెనకే ఎంపీ3. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్లు కనిపెట్టిన పద్ధతి, 1995లో ఆ పేరు స్థిరపడింది. పెద్ద ధ్వని వినపడుతున్నప్పుడు దాని పక్కనున్న చిన్న ధ్వని చెవికి ఆనదు. ఆననిదాన్ని దాచడం ఎందుకు, తీసేద్దాం అన్నారు. సెకనుకు 1,411 కిలోబిట్ల సీడీ పాటను 128కి కుదించారు. పదకొండో వంతు! మన ఊళ్లలో దీని ఫలితం చూశారుగా, ఒక్క సీడీలో నూటయాభై పాటలు. ఘంటసాల పాటలన్నీ ఒకచోట, ఇళయరాజా పాటలన్నీ ఒకచోట. లిస్టు రాసే పనే పోయింది. ఇందులోనూ అతి ఉంది. క్యాసెట్టు రోజుల్లో అతి అంటే పెద్ద ధ్వని, ఇక్కడ అతి అంటే పెద్ద రాశి. పోగేయడమే గానీ వినడం ఎప్పుడు?

ఇక్కడ నాకు గొప్ప ఆనందం కలిగించిన ముచ్చట ఒకటుంది. ఎంపీ3 పరిశోధనలో ముఖ్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్. ఆయన తన పద్ధతిని దేంతో పరీక్షించాడనుకున్నారు? పెద్ద ఆర్కెస్ట్రాతో మాత్రమే కాదు. సుజానే వేగా అనే అమెరికన్ గాయని ఒక్క వాద్యమూ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' అనే పాటతో. వాద్యాల మధ్య దాగే తప్పులన్నీ ఆ ఒంటి గొంతులో బయటపడ్డాయి. దాన్ని వినదగ్గట్టు చేయడానికి చాలాకాలం కుస్తీ పట్టాడు. ఈ సంగతి మిత్రులకు చెప్పాను. "చూశారా, జర్మనీవాడు కూడా నా పార్టీయే" అన్నాను. బాపట్లవాడు నా వైపు చూసి, "ఏంటీ, జామ పాదా?" అన్నాడు.

నవ్వుకున్నాం. కానీ ఆ నవ్వు వెనక సంగతి ఉంది. కొంతకాలంగా వాడింట్లో టీవీ చప్పుడు గురించి కోడలు మెల్లగా చెబుతోంది. వాడేమో "ఈ కాలం వాళ్లు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నారు" అంటాడు. చివరికి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. కాగితం మీద గీత వచ్చింది. మంద్రం నుంచి మధ్యదాకా బాగానే నడిచిన గీత 4000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి గుంటలో పడింది. పెద్ద శబ్దాలకు దెబ్బతిన్న చెవికి ఆ గుంట ఆనవాలు. "ఏం పని చేసేవారండీ, మిల్లులోనా?" అని అడిగారు డాక్టరుగారు. "కాదండీ, పాటలు వినేవాణ్ణి" అన్నాడు వీడు.

బయటికి వచ్చాక, "అయితే ఇన్నాళ్లూ నేను గెలిచిన వాదనలన్నీ?" అన్నాడు. "మా మాట వినపడక గెలిచావురా" అన్నాడు రేపల్లె బావ.

శ్రోతలారా, లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక అవయవముంది. అందులో సుమారు 15,000 రోమకణాలుంటాయి. ధ్వని అలను మెదడుకు అర్థమయ్యే సంకేతంగా మార్చేవి అవే. పెద్ద శబ్దం వాటిని నలిపేస్తుంది. పక్షుల్లో అవి మళ్లీ మొలుస్తాయి, మనిషికి మొలవవు. సూది అరిగితే మార్చాం, టేప్ రికార్డరు హెడ్డు అరిగితే మార్చాం, స్పీకరు కాగితం చిరిగితే అతికించాం. చెవికి స్పేర్ పార్టు లేదు. మొదట పోయేది సన్నని స్వరాల వినికిడి. స, శ, త, క, ఫ లాంటి హల్లుల గుర్తులు ఉండేది అక్కడే. అచ్చులు గట్టిగానే వినపడతాయి. హల్లులు జారిపోతాయి. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు పెద్దవాళ్లు. వయసు కూడా ఈ పనే చేస్తుంది, పెద్ద శబ్దం దాన్ని ముందే చేసిపెడుతుంది.

హద్దు ఎక్కడంటే, 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు మించి ఉండకూడదని నిపుణుల లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ గడువు సగమైపోతుంది. 88కి నాలుగు గంటలు. 100కి పావుగంట. ఊరేగింపులో డీజే బాక్సుల ముందు గంతులేసే కుర్రాడికి ఆ పావుగంట ఒక పాట, దాని వన్స్ మోర్‌తో సరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం ఫోన్లు, క్లబ్బులు, కచేరీల శబ్దాల వల్ల 110 కోట్లమంది యువత వినికిడికి ముప్పుంది. మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలున్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు కూడదు, ఇళ్లున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. నిబంధన పుస్తకంలో ఉంటుంది, వాల్యూమ్ మీట కుర్రాడి వేలి కింద ఉంటుంది. వాణ్ణి "అంత పెద్దగా వినకు" అంటే వినడు. మేమూ వినలేదు. "నీ సెట్టులో అన్నిటికన్నా ఖరీదైన భాగం నీ చెవేరా" అని చెప్పి చూడండి. సెట్ల మీద మోజున్నవాడికి ఆ భాషయితే ఎక్కుతుంది.

ఇంకో ఆస్తి గురించి చెప్పి ముగిస్తాను. సినిమాపాటలకు భయం లేదు, అవి ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయి. మన ఇళ్లలో అట్టపెట్టెల్లో పడున్న క్యాసెట్ల మాటేమిటి? తెనాలి పందిట్లో ఎవరో పాడిన పద్యం, బాపట్లలో ఒక పెళ్లి సన్నాయి, రేపల్లె వైపు ఒక హరికథ, గల్ఫ్ నుంచి కొడుకు ఉత్తరం బదులు పంపిన గొంతు. వాటికి రెండో ప్రతి ప్రపంచంలో ఎక్కడా లేదు. మాది తేమ నేల. టేపు మీద బూజు పడుతుంది, పూత రాలుతుంది. రేపల్లె బ్రాంచి లైన్లోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో క్రీస్తుకు పూర్వపు రాతిభరిణెలు వెలికితీశాడు. వాటి మీద అక్షరాలు ఇవాళ్టికీ చదవగలుగుతున్నాం, చదవడానికి యంత్రం కూడా అక్కర్లేదు. క్యాసెట్టుకు అంత ఆయుష్షు లేదు, దాన్ని వినిపించే యంత్రానికి అంతకన్నా లేదు.

కాబట్టి ఈ పని చేయండి. క్యాసెట్టును వెంటనే ప్లే చేయకండి. బూజు కనిపిస్తే సెట్లో పెట్టకుండా తెలిసినవాళ్లకు చూపించండి. శుభ్రంగా ఉంటే, పని చేసే సెట్టు ఒకటి సంపాదించి, హెడ్డును ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. టేపును ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి చుట్టి వదులు తీయండి. సెట్టు నుంచి కంప్యూటరుకు వైరు కలిపి రికార్డు చేయండి. ఎంపీ3గా కాదు, వేవ్ ఫైలుగా. సీడీ నాణ్యతకు నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు పడుతుంది, ఒక సి-60కి 600 పైచిలుకు. ఇవాళ అదేం పెద్ద చోటు కాదు. పంచుకోవడానికి కావాలంటే ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. ఇక్కడ మాత్రం పెద్దగా పెట్టాలన్న పాత బుద్ధి చూపించకండి. టేపు కాస్త ఎక్కువ ధ్వనిని ఓర్చుకునేది. అంకెల్లో కొలత హద్దు దాటితే ఆ పైభాగం తెగిపోతుంది, మళ్లీ రాదు. లైటు ఎర్రగా వెలగకుండా చూసుకోండి. రెండు ప్రతులు తీసి రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంకోటుంది. భట్టిప్రోలు భరిణెల మీద ఉన్నవి ఎక్కువగా మనుషుల పేర్లే. దానం చేసినవాళ్లు, ఆ పనిలో పాలుపంచుకున్నవాళ్లు తమ పేర్లు చెక్కించుకున్నారు కాబట్టే వాళ్లెవరో మనకు తెలిసింది. రికార్డు చేసిన ఫైలు ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించి, ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగి ఫైలు పేరులోనే రాసిపెట్టండి. గొంతును పోల్చుకోగలిగే చెవులు ఇంట్లో ఉండగానే ఆ పని జరగాలి.